హాస్య బృందం తనకు నచ్చిన స్కిట్లతో వీడియో సంకలనం చేయదలిస్తే: ఏ మార్గం మేలు?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, గోదావరిఖని వంటి ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూనే ఏళ్ల తరబడి హాస్య ప్రదర్శనలు ఇచ్చిన చిన్న చిన్న బృందాలు ఉన్నాయి. గణపతి నవరాత్రుల మండపాల్లో, కళాశాల వార్షికోత్సవాల్లో, ఉద్యోగ సంఘాల సభల్లో, డిసెంబరు 23న సింగరేణి కాలనీల్లో జరిగే ఆవిర్భావ దినోత్సవాల్లో వాళ్లు వేసిన స్కిట్లను ఆ రోజుల్లో ఎవరో ఒకరు వీడియో క్యాసెట్లలోకి ఎక్కించారు. ఇప్పుడు ఆ నటులు పదవీ విరమణ వయసుకు వచ్చారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు, క్యాసెట్లు అల్మారాల్లో ఉండిపోయాయి. మంచి స్కిట్లను ఏరి, ఇంట్లో కూర్చొని చూసుకునేలా ఒక వీడియో చేద్దామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఆ ఆలోచన రాగానే అందరూ డీవీడీ చేయాలా, పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలా, యూట్యూబ్‌లో పెట్టాలా అని మొదలుపెడతారు. నా అభిప్రాయంలో అది చివర తేల్చవలసిన సంగతి. పాత రికార్డింగునే వాడాలా లేక మళ్లీ నటించి కొత్తగా తీయాలా, ఏ స్కిట్ ఉండాలో ఎవరు నిర్ణయించాలి అన్న రెండు విషయాలు తేలితేనే సంకలనానికి ఒక రూపం వస్తుంది.

ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న సమాధానాలన్నింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా ప్రయత్నించి చూసిన బృందం బ్రిటన్‌కు చెందిన మాంటీ పైథాన్. 1969 అక్టోబరు 5న బీబీసీలో మొదలై 1974 డిసెంబరు వరకు నాలుగు విడతలుగా ప్రసారమైన వారి కార్యక్రమంలో మొత్తం 45 భాగాలు ఉన్నాయి, బృందంలో ఆరుగురు సభ్యులు ఉన్నారు. వారి హాస్యం మనకు నచ్చుతుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒకే సరుకును ఎన్ని విధాలుగా సంకలనం చేయవచ్చో, ఏ విధానంలో ఏమి మిగులుతుందో, ఏమి పోతుందో పోల్చి చూసుకోవడానికి అంతకంటే అనువైన ఉదాహరణ నాకు తెలియదు.

మొదట వారు మళ్లీ నటించే దారి పట్టారు. తొలి రెండు విడతల్లోని స్కిట్లను ఏరి, ప్రేక్షకులు లేకుండా, సినిమా ఫిల్ముపై కొత్తగా చిత్రీకరించి 1971లో ఒక సినిమాగా విడుదల చేశారు. ఆ కార్యక్రమం చూడని అమెరికా ప్రేక్షకులకు తమను పరిచయం చేసుకోవాలన్నది దాని ఉద్దేశం. తొమ్మిదేళ్ల తర్వాత, 1980 సెప్టెంబరులో, లాస్ ఏంజెలెస్ నగరంలోని హాలీవుడ్ బౌల్ ఆరుబయలు రంగస్థలం మీద వేల మంది ముందు పాత స్కిట్లనే ప్రదర్శించారు. ఆ ప్రదర్శన 1982లో సినిమాగా వచ్చింది. రెండింటిలోనూ ఉన్న స్కిట్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 1971 నాటిదానిలో బొమ్మ శుభ్రంగా ఉంటుంది, కెమెరా సరైన చోట ఉంటుంది, కానీ మాటకూ మాటకూ నడుమ నవ్వు ఉండవలసిన చోట నిశ్శబ్దం ఉంటుంది. రంగస్థలం మీద తీసినదానిలో నటుడు నవ్వు తగ్గేదాకా ఆగుతాడు, ఆ ఆగడంలోనే తర్వాతి మాటకు బలం చేకూరుతుంది.

మన ప్రాంతపు సంప్రదాయానికి ఈ విషయం కొత్తది కాదు. చిందు యక్షగానంలో నవ్వించే పాత్ర అయిన బుడ్డర్‌ఖాన్ వేషగాడు కథను ఆపి ముందు వరుసలో కూర్చున్నవారితో మాట కలిపితేనే ఆ వేషానికి నిండుదనం వస్తుంది, ఎదుట మనుషులు లేకపోతే ఆ పాత్రకు పనే లేదు. మండపం ముందు వేసిన స్కిట్ కూడా అదే స్వభావం గలది. ఆ ఊరి సర్పంచి పేరో, అక్కడి టీకొట్టు ప్రస్తావనో నటుడు అప్పటికప్పుడు ఇరికించి ఉంటాడు, జనం ఒక్కసారిగా గొల్లుమని ఉంటారు. ఇది రాసుకున్న కాగితంలో ఉండదు, కొత్తగా తీసినప్పుడు రాదు. అందువల్ల బొమ్మ ఎంత మసకగా ఉన్నా, మాట వినపడుతున్నంతవరకు, పాత రికార్డింగునే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను.

దీనికి మరో కారణం భాష. పాత క్యాసెట్లలో వినిపించే ఓరుగల్లు యాస, అప్పటివాళ్లు ఇంట్లో మాట్లాడుకున్నట్టుగానే ఉంటుంది. ‘గిట్లెందుకైంది’ అన్న మాటలో ప్రత్యేకమైన ప్రయాస ఏదీ కనిపించదు. ఇవాళ అదే నటులు అదే స్కిట్‌ను మళ్లీ వేస్తే, టీవీ కార్యక్రమాల్లో నవ్వించడానికి వాడే తెలంగాణ యాస ప్రభావం తెలియకుండానే వాళ్ల గొంతులోకి వచ్చేస్తుంది, యాస కాస్తా అనుకరణగా మారుతుంది. ఎస్‌టీడీ బూత్ ముందు నిరీక్షణ, కిరోసిన్ కోసం రేషన్ దుకాణం దగ్గర వరుస, బుక్ చేసుకున్న స్కూటరుకు వంతు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూపు వంటి ఆనాటి సంగతులు కూడా ఆనాటి మనుషుల నోటి నుంచి వస్తేనే అతుకుతాయి. ఇరవై అయిదేళ్ల వయసులో కొత్త అల్లుడి వేషం వేసిన మనిషి అరవై దాటాక అదే వేషం వేస్తే, చూసేవారి దృష్టి స్కిట్ మీద కాకుండా ఆయన వయసు మీద నిలుస్తుంది.

మళ్లీ నటించడం తప్పనిసరి అయ్యే సందర్భాలు లేకపోలేదు. క్యాసెట్టు పూర్తిగా పాడైపోయి రాతప్రతి మాత్రమే మిగిలినప్పుడు, లేదా మైకు సరిగ్గా లేక మాటలు ఏమాత్రం వినపడనప్పుడు వేరే దారి లేదు. అటువంటప్పుడు కూడా ఖాళీ గదిలో కెమెరా ముందు నిలబడి నటించకూడదు. నలభై, యాభై మంది బంధుమిత్రులను పిలిచి, చిన్న హాలులో, ఒకేసారి మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ప్రదర్శించి తీయాలి. హనుమకొండలో 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద వేదిక దొరికితే బాగుంటుందని అనిపించడం సహజమే, కానీ పెద్ద సభామందిరంలో కొద్దిమంది నవ్వు చెల్లాచెదురవుతుంది. సంఘ భవనంలోని హాలు ఈ పనికి ఎక్కువ నప్పుతుంది. ఒక మైకు నటుల వైపు, మరొకటి ప్రేక్షకుల వైపు పెట్టించడం మాత్రం మరిచిపోకూడదు.

ఇక ఎంపిక ఎవరు చేయాలన్న ప్రశ్న. ఇందులోనే బృందాలు ఎక్కువగా తగాదా పడతాయి, సంకలనం బాగోగులు కూడా దీని మీదే ఆధారపడతాయి. మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. దర్శకుడో, బృందాన్ని నడిపిన పెద్దమనిషో ఒక్కరే ఎంపిక చేయడం మొదటిది. పని త్వరగా ముగుస్తుంది, వరుస పొందికగా ఉంటుంది, అయితే మిగిలినవారికి అది తమ సంకలనం అనిపించదు. వాట్సాప్ గ్రూపులో ఓట్లు వేయించడం రెండవది. న్యాయంగా కనిపించే ఈ పద్ధతిలో ఫలితం ప్రతిసారీ ఒకే రకంగా వస్తుంది: ఊళ్లో అందరికీ నోటికి వచ్చిన నాలుగైదు స్కిట్లే పైకి తేలతాయి, వాటిలో పెద్ద వేషాలు వేసిన ఇద్దరు ముగ్గురే తెరంతా నిండిపోతారు. మూడవది, ఒక్కొక్క సభ్యుడికి కొంత నిడివి కేటాయించి, తనకు నచ్చినవి తననే ఎంచుకోమనడం.

పైథాన్ బృందం 2006లో ఈ మూడవ పద్ధతిని అనుసరించింది. ఆరుగురి పేరిట ఆరు భాగాలు వచ్చాయి, ప్రతివారూ తమ భాగంలోకి తమకు నచ్చిన స్కిట్లను తెచ్చుకున్నారు. సభ్యుల్లో ఒకరైన గ్రాహమ్ చాప్‌మన్ 1989 అక్టోబరు 4న, కార్యక్రమం మొదలై ఇరవై ఏళ్లు నిండడానికి సరిగ్గా ఒక రోజు ముందు, కన్నుమూశారు. ఆయన భాగాన్ని మిగిలినవారు కలిసి కూర్చారు. అదే 1989లో, ఇరవై ఏళ్ల సందర్భంగా వచ్చిన మరో సంకలనానికి ‘చిలక స్కిట్ ఇందులో లేదు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ బృందం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే స్కిట్ అదే. దానిని పక్కన పెట్టడం వల్ల తక్కినవాటికి చోటు దొరికింది. మన బృందాలు ఈ రెండింటి నుంచీ నేర్చుకోవలసింది ఉంది. అందరికీ తెలిసిన స్కిట్‌ను పూర్తిగా తీసివేయమని నేను అనను, ఎందుకంటే ఇంట్లో పిల్లలు మొదట అడిగేది దానినే. దానిని అందరి ఉమ్మడి ఎంపికగా ఒకసారి చేర్చి, సభ్యుల వ్యక్తిగత కోటాల్లోకి రానివ్వకుండా చూస్తే సరిపోతుంది.

సభ్యులే ఎంచుకునే పద్ధతికి నేను రెండు షరతులు కలుపుతాను. ప్రతి సభ్యుడికీ పదిహేను నుంచి ఇరవై నిమిషాలకు మించి ఇవ్వకూడదు, హద్దు ఉన్నప్పుడే మనసులో నిజంగా ఏది ముందుందో బయటపడుతుంది. రెండవది, ఎంచుకున్నవాటిలో కనీసం ఒకటి తాను నటించనిదై ఉండాలి. ఈ రెండవ షరతు వల్ల సంకలనం స్వరూపమే మారుతుంది. తెర పక్కన నిలబడి తోటివాడి నటనను చూసి మురిసిపోయిన స్కిట్ ప్రతి నటుడికీ ఒకటి ఉంటుంది, అది సాధారణంగా ఎవరూ ఓటు వేయని చిన్న స్కిట్ అయి ఉంటుంది. హార్మోనియం వాయించినవారికి, మేకప్ చేసినవారికి, తెర వెనుక నుంచి మాట అందించినవారికి కూడా వాటా ఇవ్వాలి. అన్ని ప్రదర్శనలనూ పక్కనుంచి చూసినవాళ్లు వాళ్లే కాబట్టి వారి ఎంపిక తరచు అందరికంటే నిక్కచ్చిగా ఉంటుంది. గతించిన సభ్యుల భాగాన్ని మిగిలినవారు, వారి కుటుంబంతో కలిసి కూర్చొని నిర్ణయించాలి. ప్రతి స్కిట్‌కు ముందు ఎంచుకున్న మనిషి ఒక నిమిషం పాటు, అది ఎక్కడ, ఏ సందర్భంలో వేసినదో చెబితే చాలు. అంతకంటే ఎక్కువ మాట్లాడితే స్కిట్ బరువెక్కుతుంది.

వరుస గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సంవత్సరాల వారీగా పేర్చితే మొదటి అరగంటలో మసక బొమ్మలూ, ఇంకా చేయి తిరగని నటనా వరుసగా వచ్చి బయటివారికి విసుగు కలుగుతుంది. సభ్యుల వారీగా పేర్చితే పాతవీ కొత్తవీ కలుస్తాయి. మిమిక్రీ ఐటమ్‌లను మాత్రం వెంటవెంటనే పెట్టకూడదు. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పుట్టి పెరిగిన ఓరుగల్లులో ఏ బృందం క్యాసెట్లు తీసినా మిమిక్రీ తప్పక ఉంటుంది, రెండు వరుసగా వస్తే ఒకదాని రుచి మరొకదానికి అడ్డు వస్తుంది.

ఎంపిక తేలకముందే మొదలుపెట్టవలసిన పని ఒకటుంది, అది క్యాసెట్లన్నింటినీ పూర్తిగా ఫైళ్లుగా మార్చడం. నచ్చిన స్కిట్ల ముక్కలను మాత్రమే ఎక్కించి మిగిలినది వదిలేసే పద్ధతి చవకగా కనిపిస్తుంది, కానీ నేను దానిని ఒప్పుకోను. ఈ క్యాసెట్లను ఆడించే యంత్రాలైన వీసీఆర్‌లు తయారుచేసిన చివరి సంస్థ అయిన జపాన్‌కు చెందిన ఫునాయి 2016 జులైలో ఉత్పత్తిని ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే, వాటి సంఖ్య ఏటా తగ్గుతుంది. ఈ పని ఇంట్లో చేసుకోవాలా, స్టూడియోకు ఇవ్వాలా అంటే, బాగా నడిచే వీసీఆర్ చేతిలో ఉండి, ఓపిక ఉన్నవారు బృందంలో ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. మూడు గంటల ఇ-180 క్యాసెట్టు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే మార్గం లేదు. పదికి మించి క్యాసెట్లు ఉంటే, పాత పెళ్లి వీడియోలు తీసిన స్టూడియోల్లో ఇంకా వీసీఆర్ ఉన్నదానిని వెతికి ఇవ్వడమే మేలు.

స్టూడియోకు ఇచ్చేటప్పుడు కొన్ని మాటలు ముందే స్పష్టంగా చెప్పాలి. నేరుగా డీవీడీగా మార్చి ఇస్తామంటే వద్దనాలి. మన దేశపు టీవీ ప్రసార పద్ధతి అయిన పాల్ (PAL)కు తగినట్టు 720 బై 576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములతో, తక్కువ కుదింపుతో ఫైలు అడగాలి. అలా తక్కువగా కుదించే డీవీ (DV) అనే పద్ధతిలో అయితే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది, కాబట్టి హార్డ్ డిస్క్ మనమే ఇవ్వాలి. ఇప్పటి వెడల్పాటి టీవీకి సరిపోయేలా బొమ్మను అడ్డంగా సాగదీయడం చాలాచోట్ల అలవాటు. అలా చేస్తే మొహాలు ఉబ్బినట్టు కనిపిస్తాయి, హాస్యనటుడి ముఖకవళికలే దెబ్బతింటాయి. రెండు పక్కలా నల్లటి ఖాళీ ఉన్నా నష్టం లేదు. శబ్దం శుభ్రం చేస్తామనే మాటతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్యాసెట్టు బుసను తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు జనం నవ్వు, చప్పట్లు కూడా రొదలాగే వినిపిస్తాయి. ఎక్కువగా తగ్గిస్తే, మనం ఏ నవ్వు కోసం పాత రికార్డింగును ఎంచుకున్నామో ఆ నవ్వే నీళ్లలో మునిగినట్టు అయిపోతుంది. క్యాసెట్టు అంచుల మీద తెల్లటి పొడలాగా బూజు కనిపిస్తే దానిని ఏ యంత్రంలోనూ పెట్టకుండా, శుభ్రం చేయగలవారికి విడిగా ఇవ్వాలి, లేకపోతే యంత్రంలో టేపును చదివే హెడ్‌కు అంటుకొని మిగిలిన క్యాసెట్లకూ పాకుతుంది.

ఇప్పుడు మాధ్యమం. డీవీడీ మీద చాలామంది పెద్దలకు మమకారం ఉంది. చేతిలో పట్టుకొనే వస్తువు, అట్ట మీద బృందం ఫొటో, అల్మారాలో పెట్టుకోవడానికి వీలు. ఒక్కో డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, మంచి నాణ్యతతో సుమారు రెండు గంటల వీడియో వస్తుంది. అయితే కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ పెట్టే చోటే ఉండటం లేదు, ఇంట్లో రాసిన డిస్కుల్లోని రంగుపొర మన ఎండలకు, వేడికి క్షీణిస్తుంది. జ్ఞాపికగా కొన్ని ప్రతులు చేయించుకోవచ్చు గానీ దాని మీదే ఆధారపడకూడదు. ఇంట్లో టీవీ ముందు కుటుంబమంతా కూర్చొని చూడటానికి పెన్‌డ్రైవ్ అన్నింటికంటే సులువైనది. హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఎంపీ4 ఫైళ్లుగా ఇస్తే దాదాపు ప్రతి టీవీలోనూ ఆడుతుంది. పాత టీవీలు చదివే ఫ్యాట్32 అనే పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి, సంకలనాన్ని సభ్యుల వారీగా వేర్వేరు ఫైళ్లుగా చేయడం ఇక్కడ కూడా కలిసివస్తుంది. ఏ ఫైలు ఎవరి ఎంపికో పేరు తెలుగులోనే పెట్టవచ్చు, కానీ కొన్ని పాత టీవీలు తెలుగు అక్షరాలను గళ్లుగా చూపిస్తాయి, ముందు వరుస సంఖ్య వేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

యూట్యూబ్ దూరంగా ఉన్నవారికి బాగా ఉపయోగపడుతుంది. వరంగల్‌లోని ఇప్పటి ఎన్ఐటీ, నాటి ఆర్ఈసీ ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట చదువుకుంటూ కలిసి స్కిట్లు వేసి, తర్వాత నాలుగు దేశాలకు చెదిరిపోయిన మిత్రులకు అంతకంటే తేలికైన మార్గం లేదు. వీడియోను ‘అన్‌లిస్టెడ్’గా పెడితే లింకు ఉన్నవారు మాత్రమే చూడగలుగుతారు, వెతికితే దొరకదు. ఒక చిక్కు మాత్రం తప్పదు. మన స్కిట్లలో సగానికి సగం నేపథ్యంలో సినిమా పాట వినిపిస్తూనే ఉంటుంది, యూట్యూబ్ యంత్రాంగం ఆ పాటను గుర్తుపట్టి హక్కుదారుల తరఫున అభ్యంతరం పెడుతుంది, ఒక్కోసారి ఆ భాగం ధ్వనిని ఆపేస్తుంది. పాట మీద మాటలు ఉన్నచోట ధ్వని పోతే స్కిట్టే పోయినట్టు. అందుచేత యూట్యూబ్‌ను ఒక ప్రతిగా మాత్రమే చూడాలి, అసలు ప్రతిగా ఎన్నటికీ కాదు. ఇంటింటికీ పెన్‌డ్రైవ్, దూరపువారికి అన్‌లిస్టెడ్ లింకు, కోరినవారికి డీవీడీ, ఈ క్రమంలోనే నేను సిఫారసు చేస్తాను.

అసలు ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. 2023 జులై చివరి వారపు వరదల్లో వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి మనకు తెలిసినదే. కింది అంతస్తులోని అల్మారాలో క్యాసెట్లూ డిస్కూ ఒకేచోట ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. వీలైతే ఒక ప్రతి ఊరు దాటి, హైదరాబాదులో ఉన్నవారి దగ్గర ఉంచడం మంచిది.

అనుమతుల విషయాన్ని మిత్రుల మధ్య మాటగా వదిలేయకూడదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శకుడి హక్కు ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్లు ఉంటుంది, స్కిట్ రాసిన రచయిత హక్కు ఆయన జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ నిలుస్తుంది. పంచుకునేది ఇళ్లలోనే అయినా, రచయిత బృందం బయటివారైతే ఆయననో, ఆయన కుటుంబాన్నో అడిగి ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలి. నటులందరి దగ్గర, గతించినవారి తరఫున వారి ఇంటివారి దగ్గర కూడా అలాగే చేయాలి. ఈ సంతకాల కోసం ఇళ్లకు వెళ్లినప్పుడే ఆ ఇళ్లలో ఎవరికీ తెలియకుండా మిగిలిన మరో క్యాసెట్టు ఉందేమో అడగాలి. వీడియో చివర వచ్చే పేర్ల పట్టికలో ఇంటిపేరుతో సహా, ఏ వేషం వేశారో, ఏ సంవత్సరమో సరిచూసుకోవడానికి కూడా అదే సందర్భం, ఎందుకంటే అప్పుడు తప్పు పడిన పేరు ముప్పై పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కిన తర్వాత దిద్దడం కష్టం.